శనివారం రాత్రి, సెక్టార్ 29

మా నాన్నగారు గుంటూరులో పాస్టరుగా చేశారు. అందుకని అక్కడి సంఘాల్లో ఏ కుర్రాడికి గురుగ్రామ్‌లో ఉద్యోగం వచ్చినా వాళ్లమ్మ నుంచి నాకు ఫోనొస్తుంది. "అమ్మా, మావాడికి అక్కడ మంచి చర్చి చూపించండి." చూపిస్తాను. కొన్ని వారాలు వస్తాడు, ఆ తర్వాత కనపడడు. లోకంలో పడిపోయాడని పెద్దలు తేల్చేస్తారు. నేను మాత్రం ముందు గడియారం చూస్తాను. మన ఆరాధన ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి. వాడు శుక్రవారం నైట్ షిఫ్ట్ ముగించుకుని శనివారం తెల్లారాక గదికొచ్చి, సాయంత్రం దాకా పడుకుని, రాత్రి స్నేహితులతో బయటికెళ్లి, ఆదివారం కోడి కూసే వేళకి మళ్లీ పక్కెక్కాడు. తొమ్మిదిన్నరకి వాణ్ణి లేపడం వాళ్లమ్మ వల్ల కూడా కాదు.

ఈ ఊరు పెరిగిందే రాత్రిపూట. 1990ల చివర్లో జీఈ క్యాపిటల్ ఇక్కడ కాల్ సెంటర్ పని మొదలుపెట్టాక, అమెరికా పగలు ఇక్కడి రాత్రయింది. ఆఫీసుల వెనకే తిండి, తిండి వెనకే మందు వచ్చాయి. పైగా ఢిల్లీలో తాగాలంటే 25 ఏళ్లు నిండాలి. హర్యానాలోనూ అంతే ఉండేది గానీ, 2021 డిసెంబరులో శాసనసభ దాన్ని 21కి దించింది. ఇక సరిహద్దు దాటి వచ్చేవాళ్లకి కొదవేముంది? వారాంతంలో పబ్బులుండే సెక్టార్ 29లో, సైబర్ హబ్‌లో నిలబడి చూస్తే సగం దేశం అక్కడే ఉన్నట్టుంటుంది. మన తెలుగు మాటలు కూడా వినపడతాయి. నాకు తెలిసిన ఒక కుర్రాడు ఊళ్లో ఉన్నన్నాళ్లూ చర్చిలో డ్రమ్స్ వాయించాడు, ఇప్పుడు శనివారాలు బార్‌లో వాయిస్తున్నాడు. చెయ్యి అదే, తాళం అదే. డబ్బులు మాత్రం ఇక్కడే ఇస్తారు.

రాత్రి అనగానే మన సంఘాల్లో ఒక ఉలికిపాటు ఉంది. అది నాకు వింతగా ఉంటుంది. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్‌కి చంటిపిల్లల్ని చంకనేసుకుని వెళ్లేది మనమే కదా! ఉపవాస ప్రార్థనలు, ఆల్‌నైట్ ప్రేయర్లు, అర్ధరాత్రి వీధి వీధీ తిరిగే క్రిస్మస్ క్యారల్స్ మనకి కొత్తవా?

అసలు ఆ వాచ్‌నైట్ మొదలైన కథే చూడండి. ఇంగ్లండులో బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ అని బొగ్గుగనుల ప్రాంతం ఉంది. అక్కడి కార్మికులు శనివారం రాత్రుళ్లు సారాయి దుకాణాల్లో గడిపేవారు. మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ మాటలు విన్నాక, 1740 ప్రాంతంలో, ఆ రాత్రుళ్లనే పాటలకీ ప్రార్థనకీ కేటాయించుకున్నారు. ఇదేం అలవాటు, మాన్పించమని కొందరు వెస్లీకి చెప్పారు. ఆయన మాన్పించలేదు సరికదా, తనే వచ్చి కూర్చున్నాడు. దూరం నుంచి నడిచొచ్చేవాళ్లకి దారి కనపడాలని ఆ కూటాన్ని పున్నమికి దగ్గరి శుక్రవారం చూసి పెట్టాడు. ఎనిమిది, తొమ్మిది మధ్య మొదలై అర్ధరాత్రి దాటేదాకా సాగేది. తాగే వేళ ఏదో వాళ్లకి తెలుసు, ఆ వేళకే కూడుకున్నారు. ఈ కథలో నాకన్నిటికన్నా నచ్చేది ఆ పున్నమి లెక్క. ఇంటికెలా చేరతారన్నది కూడా ఆ అయ్యగారే ఆలోచించాడు.

ఇక్కడ గురుగ్రామ్‌లోనూ అసలు ప్రశ్న అదే, ఇంటికెలా చేరతారు? 2012 మార్చిలో ఇక్కడి పబ్‌లో పనిచేసే ఒక అమ్మాయిని ఎత్తుకెళ్లి సామూహిక అత్యాచారం చేశారు. దానికి అధికారులు తీసుకున్న చర్యేమిటంటే, రాత్రి ఎనిమిది దాటాక ఆడవాళ్లతో పనిచేయించాలంటే కార్మిక శాఖ అనుమతి ఉండాలన్న నిబంధన గుర్తుచేయడం. ఆడపిల్లల్ని ఇంట్లో ఉండమన్నట్టే అయిందని అప్పట్లో జనం మండిపడ్డారు. నేనూ మండిపడ్డాను. మెట్రో అర్ధరాత్రికల్లా ఆగిపోతుంది. ఆ తర్వాత క్యాబ్ దొరకక, ఫోన్ చార్జింగ్ అయిపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని ఫుట్‌పాత్ మీద కూర్చునే పిల్లలకి చర్చి ఏమివ్వగలదు?

లండన్‌లో దీనికొక జవాబు దొరికింది. 2003 జనవరిలో బ్రిక్స్‌టన్‌లో లెస్ ఐజాక్ అనే పాస్టరు స్ట్రీట్ పాస్టర్స్ మొదలుపెట్టాడు. పేరు పాస్టర్లే గానీ వెళ్లేది మామూలు సంఘ సభ్యులు. మొదటి జట్టులో ఎక్కువమంది ఆడవాళ్లే. శిక్షణ తీసుకుని, పోలీసులకి తెలియజేసి, శుక్ర శనివారాల్లో రాత్రి పది నుంచి తెల్లవారుజాము దాకా క్లబ్బులుండే వీధుల్లో తిరుగుతారు. సంచిలో మంచినీళ్లు, రబ్బరు చెప్పులు ఉంటాయి. ఎత్తు మడమల జోళ్లు విప్పేసి గాజుపెంకుల మీద నడిచే అమ్మాయిలకి ఆ చెప్పులిస్తారు. వాంతి చేసుకుంటుంటే పక్కన ఉంటారు, క్యాబ్ ఎక్కిస్తారు. బోధించరు. దేవుడి గురించి అడిగితే మాత్రం మాట్లాడతారు. అక్కడ మొదలైన పని తర్వాత బ్రిటన్‌లో ఎన్నో పట్టణాలకి పాకింది.

దీన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెడితే నడవదు. హర్యానాలో 2022 నుంచి మతమార్పిడి చట్టం ఉంది. ప్రలోభపెట్టి మతం మార్చడం నేరమంటుంది, నిరూపించుకునే భారం నిందితుడిదే అంటుంది. 2021 క్రిస్మస్ ముందు రోజు ఇదే జిల్లాలో, పటౌడీ దగ్గర, ఒక పండుగ కార్యక్రమం మీదికి కొందరు నినాదాలు చేస్తూ వచ్చి ఆపించారు. ఇలాంటి చోట అర్ధరాత్రి నీళ్ల సీసాతో పాటు కరపత్రం చేతిలో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అయినా చట్టం దాకా ఎందుకు? తూలిపోతున్న పిల్లకి కరపత్రమివ్వడం మర్యాదేనా? ఊరికే నీళ్లిచ్చి ఊరుకోవడం మనవాళ్లకి చాలా కష్టం, అది నాకు తెలుసు.

ఇంకో దారి పాటది. భజన్ క్లబ్బింగ్ అని ఒకటి 2025లో ఢిల్లీ చుట్టుపక్కల కూడా ఊపందుకుంది. గిటార్లు, డ్రమ్ములు, వందలమంది కుర్రకారు, మందు లేదు. అది చూసి మా సంఘంలో ఒకాయన "మనమూ లైట్లూ పొగా పెట్టి వర్షిప్ నైట్ చేద్దాం" అన్నారు. నాకు ఉత్సాహం రాలేదు. క్లబ్బుతో పోటీపడితే క్లబ్బే గెలుస్తుంది, వాళ్ల సౌండు బాగుంటుంది. భజన అంటే హార్మోనియం ముందు తెల్లవార్లూ కూర్చునేవాళ్లు మా తాతల నాడే మన పల్లె సంఘాల్లో ఉన్నారు. ఆ డ్రమ్స్ కుర్రాడు బార్‌లో వాయించడం ముగించుకొచ్చి కూర్చోవడానికి ఒక డాబా, టీ, హార్మోనియం పెట్టె చాలు.

అందుకే పెద్దల మీటింగులో నేనడిగింది రెండే. మొదటిది, ఆదివారం సాయంత్రం ఆరింటికి రెండో ఆరాధన. రెండోది, నెలకొక శనివారం అర్ధరాత్రి ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు, ఒక కారు, నీళ్లు, చెప్పులు, ఫోన్ చార్జర్లు. చేతిలో బైబిలు గానీ బ్యానరు గానీ ఉండకూడదు. ముందుగా పోలీసు స్టేషన్‌లో చెప్పి ఉంచాలి. మొదటిదానికి సరేనన్నారు. రెండోదానికి ఒక పెద్దాయన, "మనవాళ్లెవరైనా మనల్నక్కడ చూస్తే ఏమనుకుంటారమ్మా?" అన్నారు. మనవాళ్లు అక్కడికెందుకొచ్చారని అడగాలనిపించింది గానీ, ఆయన వాళ్లబ్బాయి సంగతి తెలుసు కాబట్టి ఊరుకున్నాను. ప్రస్తుతానికి ముగ్గురం ఒప్పుకున్నాం. కారు నాది. ఇంకొక మగమనిషి కావాలి.