బండను కదిలించేది ఎడ్లా, నేలా?

సంక్రాంతి వచ్చిందంటే గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో బండలాగుడు పోటీల సందడి మొదలవుతుంది. శివరాత్రి తిరునాళ్లలోనూ ఇదే సందడి. ఒంగోలు జాతి ఎడ్లజతను కాడికి కట్టి, గొలుసుతో పెద్ద రాతిబండను లాగిస్తారు. రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు మారుతుంది. ఇచ్చిన సమయంలో ఎక్కువ అడుగులు లాగిన జతదే గెలుపు.

హైస్కూలు పిల్లలు చదివే గమన నియమాలు మూడూ ఈ బరిలో కనిపిస్తాయి. న్యూటన్ వాటిని 1687లో ‘ప్రిన్సిపియా’ గ్రంథంలో ప్రకటించాడు. పాఠంలో అవి ఒకటి, రెండు, మూడు అని వరుసగా వస్తాయి. బరి దగ్గర మాత్రం మూడోదానితో మొదలుపెడితేనే చిక్కుముడి విడుతుంది.

ఒక వస్తువు రెండోదాని మీద ఎంత బలం వేస్తే, రెండోది మొదటిదాని మీద అంతే బలం ఎదురు దిశలో వేస్తుందని ఆ నియమం. అంటే ఎడ్లు బండను ఎంత లాగుతాయో, బండ కూడా ఎడ్లను వెనక్కి అంతే లాగుతుంది. రెండూ సమానమైతే చెల్లుకు చెల్లు కావాలి కదా, మరి బండ ఎలా కదులుతోంది? ఈ ప్రశ్న అడిగిన పిల్లవాడు పాఠంలోకి నిజంగా దిగినట్టే లెక్క.

ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద పడవు. ఒకటి బండ మీద, ఇంకొకటి ఎడ్ల మీద. కూడికలూ తీసివేతలూ ఒకే వస్తువు మీద పడే బలాలకే చేయాలి. ముందు బండను చూద్దాం. గొలుసు దాన్ని ముందుకు లాగుతుంది. నేలతో ఘర్షణ (రాపిడి వల్ల పుట్టే నిరోధం) వెనక్కి పట్టి ఉంచుతుంది. లాగుడు మించితే బండ కదులుతుంది. ఇప్పుడు ఎడ్లను చూద్దాం. వాటిని వెనక్కి లాగేది బండ. ముందుకు తోసేది? నేల! ఎద్దు గిట్టలతో నేలను వెనక్కి నెడుతుంది, నేల ఎద్దును ముందుకు నెడుతుంది. కండ ఎంత ఉన్నా గిట్ట పట్టు తప్పితే లాగుడు లేదు.

గొలుసును కూడా కాస్త గమనించండి. కాడి ఎత్తులో ఉంటుంది, బండ నేల మీద ఉంటుంది. అందుకే గొలుసు ఏటవాలుగా సాగి, బండను ముందుకు లాగుతూనే కొద్దిగా పైకీ లాగుతుంది. నేల మీద బండ ఒత్తిడి తగ్గుతుంది, దాంతో ఘర్షణా తగ్గుతుంది. అదే గొలుసు అవతలి కొసన కాడిని కొంచెం కిందికి లాగుతుంది. గిట్టలు నేలను ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. రెండు కొసలా లాభమే.

ఇక మొదటి నియమం. ఆగి ఉన్నది ఆగే ఉండాలని చూస్తుంది, కదిలేది అదే వేగంతో తిన్నగా పోవాలని చూస్తుంది. దీన్నే జడత్వం (ఉన్న స్థితిని విడవని గుణం) అంటారు. బండ కదిలే ముందు దాన్ని పట్టి ఉంచేది స్థైతిక ఘర్షణ (కదలకముందు ఉండే ఘర్షణ). సాధారణంగా ఇది కదిలాక ఉండే ఘర్షణ కన్నా ఎక్కువ స్థాయికి వెళ్లగలదు. కాబట్టి బండ మధ్యలో ఆగిందంటే, దాన్ని మళ్లీ కదిలించడానికి మొదటి లాగుడంత బలమూ కావాలి. తోలేవాళ్లు బండను ఆగనివ్వకూడదని చూసేది ఇందుకే.

రెండో నియమానికి ఒక లెక్క చాలు. టన్ను బండ బరువు సుమారు 9,800 న్యూటన్లు. కదిలాక ఘర్షణ అందులో సగం, 4,900 అనుకుందాం. గొలుసు వాలును పక్కన పెడదాం. జత 5,400 న్యూటన్లతో లాగితే మిగిలే ఫలిత బలం 500. దాన్ని 1,000 కిలోలతో భాగిస్తే త్వరణం (వేగం మారే రేటు) సెకనుకు, సెకనుకు అర మీటరు. ఆ తర్వాత ఎడ్లు లాగుడును సరిగ్గా 4,900కు తగ్గిస్తే బండ ఆగుతుందా? ఆగదు. అప్పటికున్న వేగంతోనే సాగుతుంది. ఫలిత బలం సున్నా అంటే కదలిక సున్నా అని కాదు, వేగంలో మార్పు సున్నా అని. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పెద్దలూ తక్కువేం కాదు.

అన్నట్టు, ఈ లెక్కలో చర్నాకోలకు ఎక్కడా చోటు లేదు. అది బండ మీద ఏ బలమూ వేయదు. ఎద్దు వీపు మీదే వేస్తుంది.

సైన్సు మాస్టార్లకు ఒక మనవి. ఒక ఇటుక, ఒక స్ప్రింగు త్రాసు పట్టుకుని పిల్లలను బడి ఆవరణలోకి తీసుకెళ్లండి. ఇటుకకు తాడు కట్టి మెల్లగా లాగించండి. అది కదిలే ముందు త్రాసు ఎంత చూపిందో, కదిలాక ఎంత చూపిందో పిల్లలచేతే రాయించండి. తర్వాత నల్లబల్ల మీద బండ బొమ్మ విడిగా, ఎడ్ల బొమ్మ విడిగా గీయించి, దేని మీద పడే బలాలకు దానికే బాణాలు పెట్టించండి. నియమాలు కంఠతా పట్టించడం ఆ తర్వాత.