జ్ఞానదంతము తీయించుకొనిన పిమ్మట

మానవుని నోట 32 దంతములుండుట సాధారణము. వానిలో కట్టకడపట మొలచునవి నాలుగు. దవడల చివర, ఇరుప్రక్కల, క్రింద రెండును పైన రెండునుగా నిలుచు నీ దంతములు ప్రాయికముగా 17 మొదలు 25 ఏండ్ల నడుమ వెలువడుచుండును. ఆ వయసున మనుజునకు వివేకము కలుగునని తలంచి వీనికి జ్ఞానదంతములని పేరిడిరి. దంతము వచ్చునప్పుడు మాకు జ్ఞానము వచ్చినదో లేదో చెప్పజాలము గాని, అది పోవునప్పుడు మాత్రము కొంత వచ్చినది. పై తరగతుల విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునను తలంపుతో దానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

జ్ఞానదంతములన్నిటిని తీసివేయవలెనను నియమము లేదు. తిన్నగా మొలచి, శుభ్రముగా నుండి, బాధింపనిదానిని ఉండనీయవచ్చును. అయితే పెక్కుమంది దవడలలో వీనికి తగినంత చోటుండదు. అప్పుడు దంతము ఏటవాలుగా పెరిగి ప్రక్కదానిని ఒత్తును. లేదా సగము వెలువడి, సగము చిగురు క్రింద దాగియుండును. ఆ చిగురు సందున అన్నపు మెతుకులు చేరి క్రుళ్లుటచే వాపును, నొప్పియు, నోరు తెఱవలేకుండుటయు సంభవించును. ఇట్టి బాధ పలుమారు వచ్చినయెడల వైద్యుడు దంతమును తీయుట మేలని చెప్పును.

తీయునప్పటి నొప్పిని గుఱించి నేడు భయపడ నవసరము లేదు. 1846వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరమున మార్టను అను దంతవైద్యుడు ఈథరు వాసన చూపి, రోగికి బాధ తెలియకుండ శస్త్రచికిత్స జరుగునట్లు చేసెను. 1943లో స్వీడను దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు లోఫ్‌గ్రెను లిడొకెయిను అను మందును తయారుచేసెను. దంతవైద్యులు నేటికిని దానిని విరివిగా వాడుచున్నారు. ఆ సూదిమందు వేసినచో చిగురు మొద్దువాఱి, దంతము కదలుట తెలియును గాని నొప్పి తెలియదు. కావున అసలు పరీక్ష కుర్చీలో గాక, ఇల్లు చేరిన పిమ్మట మొదలగుచున్నది. ఆ పరీక్షలో మేము తప్పితిమి.

మా చెల్లెలి వివాహమునకు నాలుగు దినముల ముందు మా క్రింది దవడ దంతమును తీయించుకొంటిమి. అంతలో అంతయు సర్దుకొనునని మా ధైర్యము. ఒక దినము ఉమ్మివేయవలదనియు, పుక్కిలింపవలదనియు వైద్యుడు చెప్పియే పంపెను. సాయంకాలమునకు నోట నెత్తురు రుచి తగులుచుండగా మాకు రోత పుట్టినది. నీళ్లు పోసికొని గట్టిగా పుక్కిలించి నాలుగైదు మారులుమిసితిమి. చల్లగా నుండునని ఎవరో కొబ్బరిబోండము తెచ్చి యియ్యగా గొట్టముతో పీల్చి త్రాగితిమి. రెండు దినములు బాగుగనే యుండెను. మూడవనాటి రాత్రి దవడలో పుట్టిన పోటు చెవివఱకు ప్రాకినది. వివాహపు నాడు వచ్చిన చుట్టములను పలుకరింపవలసిన అన్న, ప్రక్క గదిలో చెంప పట్టుకొని మేళము వినుచు పండుకొనియుండెను. చెల్లెలు అత్తవారింటికి బయలుదేరునప్పుడు రెండు మాటలు చెప్పుటకైనను మాకు నోరు తెఱపి రాలేదు.

మఱునాడు వైద్యుడు చూచి కారణము చెప్పెను. దంతము పోయినచోట గుంట యేర్పడును. కొంతసేపటికి అందు నెత్తురు గడ్డకట్టును. ఆ గడ్డ చూచుటకు రోతగా నున్నను, క్రింది యెముకను, నరముల కొనలను కప్పియుంచు మూత యదియే. దాని ఆధారముననే క్రొత్త కండ పెరుగును. గట్టిగా ఉమిసినను, పీల్చినను అది ఊడిపోవచ్చును. పొగ త్రాగుటయు దానికి హానికరము. గడ్డ పోయినచో ఎముక బయలుపడి తీవ్రమైన పోటు పుట్టును. దీనినే ఎండుగుంట యందురు. తఱచుగా ఇది రెండవనాటికిని నాలుగవనాటికిని నడుమ మొదలగును. వైద్యుడు మా గుంటను కడిగి, లవంగతైలము కలిసిన మందు పెట్టగా బాధ తగ్గినది. మేము మలినమని ఉమిసివేసినది మాకు మందేయని అప్పుడు తెలిసినది.

కావున దంతము తీయించుకొనువారు ఈ క్రమమును పాటింతురుగాక. మొదటి దినమున, వైద్యుడిచ్చిన గుడ్డమడతను అరగంటకు తక్కువ గాకుండ కదపక కఱచి పట్టవలెను. ఉమ్మి కొంచెము ఎఱ్ఱగా నున్నను భయము లేదు, మ్రింగివేయవచ్చును. నెత్తురు మఱల కాఱినచో శుభ్రమైన తడిగుడ్డమడతను మఱియొక అరగంట కఱచి పట్టవలెను. మంచుగడ్డను గుడ్డలో చుట్టి చెంపపై 15 నిమిషములుంచి, అంతసేపు తీసియుంచుచు రావలెను. తల ఎత్తుగా పెట్టుకొని పండుకొనవలెను. పెదవి మొద్దువాఱియున్నంతవఱకు ఏమియు నమలరాదు. తెలియకయే పెదవిని కొఱుకుకొందుము. తరువాత చల్లార్చిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నము, పాలు మొదలగువానిని చెంచాతో తీసికొనవచ్చును. కారము, జంతికలు, నువ్వులు కొన్ని దినములు మానవలెను.

రెండవనాటినుండి గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి, భోజనమైన పిదప నోట నుంచుకొని, తల మెల్లగా అటునిటు వంచి, నీటిని దానంతట అదియే జాఱిపోనీయవలెను. తక్కిన దంతములను మెల్లగా తోముకొనుట మానరాదు. వాపు రెండు మూడు దినములు పెరిగి పిమ్మట తగ్గును. దానిని చూచి కలతపడరాదు. కుట్లుండినచో కొన్ని తమంతట కరగును; కొన్నిటిని వారము దినములకు వైద్యుడు తీయును. చిగురు పూడుటకు కొన్ని వారములును, లోపలి యెముక నిండుటకు కొన్ని నెలలును పట్టును.

తలిదండ్రులకొక మనవి. బిడ్డ బాధను చూడలేక నశ్యము, పొగాకు, ఆస్పిరిను బిళ్ల మొదలగువానిని గుంటలో పెట్టకుడు. అవి చిగురును పుండు చేయును. వైద్యుడు వ్రాసిన మందులను చెప్పిన లెక్కకు వాడుడు. నెత్తురు ఆగకున్నను, జ్వరము వచ్చినను, చీము కాఱినను, మూడు దినముల పిమ్మట నొప్పియు వాపును పెరుగుచున్నను, పెదవి మొద్దుతనము మఱునాటికిని పోకున్నను ఆలసింపక వైద్యుని చూడుడు. మ్రింగుటకుగాని ఊపిరి తీయుటకుగాని కష్టమైనచో ఆ క్షణమే ఆసుపత్రికి కొనిపొండు.

గాయమును మాన్పునది ప్రకృతి. దాని పనికి అడ్డుపడకుండుటయే మన పని. అది స్వల్పమైన పనివలె తోచును. కాని ఒక్క దినము ఊరకుండలేక మేము చెల్లెలి పెండ్లిని గోడ ఇవతలనుండి వింటిమి. మా పాఠకులకు అట్టి దినము రాకుండుగాక.