ఆకు రాల్చే అడవిలో ఒక పగలు

రాయపూర్, భిలాయి నగరాల నడుమ ఖారూన్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం కుమ్హారి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయిలో ఉక్కు కర్మాగారం వెలసి, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ రగిలిన నాటినుంచి ఈ ప్రాంతానికి దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి స్థిరపడ్డారు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. సెలవు దినాన పిల్లలకు జంతువులను చూపించవలసి వస్తే ఇక్కడివారికి మొదట గుర్తుకు వచ్చేది భారత–సోవియట్ మైత్రికి చిహ్నంగా 1972లో భిలాయిలో నెలకొల్పిన మైత్రీబాగ్. అక్కడి తెల్లపులి ఎంత గంభీరంగా నడిచినా ఆవరణ దాటి రాలేదు. ఆవరణ లేని చోట వన్యప్రాణిని చూడదలచినవారు చీకటితోనే లేచి తూర్పు దిక్కుగా బార్నవాపారా దారి పడతారు.

రాయపూర్, ఆరంగ్ దాటి, మహానదిపై వంతెన గడచి, 53వ నంబరు జాతీయ రహదారిమీద పటేవా వరకు పోయి, అక్కడ ఉత్తరానికి మళ్ళితే అడవి మొదలవుతుంది. బార్, నవాపారా అనే రెండు అటవీ గ్రామాల పేర్లు కలిసి ఈ అభయారణ్యానికి పేరయినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని అనుసరించి 1976లో ఏర్పడిన ఈ అభయారణ్యం వైశాల్యం సుమారు 245 చదరపు కిలోమీటర్లు. వర్షాకాలంలో మూసివేసి, నవంబరులో తిరిగి తెరుస్తారు. ద్వారం వద్ద రుసుము చెల్లించి, మార్గదర్శకుడిని వెంటబెట్టుకొని, అనుమతించిన వాహనంలోనే లోపలికి పోవాలి. బండి దిగరాదు, కేకలు వేయరాదు, తినుబండారాలు విసరరాదు. ఈ నియమాలను గురించి ఇంతకంటె చెప్పనక్కరలేదు. వాటి అవసరం లోపలికి పోయిన అరగంటలో ఎవరికైనా తెలిసివస్తుంది.

ఉష్ణమండల అరణ్యమనగానే చాలామంది మనస్సులో మెదిలేది సూర్యకాంతి చొరని నిత్యహరిత వనం. బార్నవాపారా అటువంటిది కాదు. వర్షారణ్యం పెరగాలంటే అధిక వర్షం కావాలి. అది ఏడాదిలో అధికభాగం కురవాలి కూడా. మన దేశంలో అట్టి అడవులు పడమటి కనుమలలోను, ఈశాన్య ప్రాంతంలోను, అండమాన్ నికోబార్ దీవులలోను ఉన్నవి. ఛత్తీస్‌గఢ్ మైదానంలో వాన దాదాపు అంతా జూన్, సెప్టెంబరు నెలల నడుమనే కురిసిపోతుంది. మిగిలిన మాసాలలో నేలలోని తేమను పొదుపు చేసుకోవడానికి చెట్లు ఆకు రాలుస్తాయి. మార్చి నెలలో వచ్చిన కొత్తవారు ఎండిన టేకు ఆకుల గలగల విని, అడవి చచ్చిపోయినదని నిట్టూర్చడం కద్దు.

నిజానికి వారి ప్రయాణం ఫలించడానికి కారణం ఆ ఆకురాల్పే. నిత్యహరిత వనంలో కొమ్మలు పైన కప్పులా అల్లుకొని ఉండడంవల్ల నేలకు వెలుతురు అందదు, గడ్డి పెరగదు. అందుచేత గడ్డిమేసే పెద్ద జంతువుల మందలు అక్కడ తక్కువ. జీవరాశి అపారమే అయినా అందులో ఎక్కువ భాగం ఎత్తయిన కొమ్మలలోను, రాత్రి చీకటిలోను దాగి ఉంటుంది. ఆకు రాల్చే అడవిలో వెలుతురు నేలకు దిగుతుంది, గడ్డి లేస్తుంది, దానివెంట చుక్కల జింకలు, కణుజులు, అడవిదున్నలు వస్తాయి. వాటివెంట చిరుతపులి వస్తుంది. వేసవిలో వాగులు ఎండి నీరు కొద్ది చోట్లకే పరిమితం కాగానే జంతువులన్నీ ఆ గట్లకే చేరతాయి. ఒక్క పగటికోసం వచ్చినవాడికి ఇంతకంటె అనుకూలమైన అడవి దొరకదు.

అయితే చూసే కన్ను వేరు. కొత్తవాడికి బండరాయిగా కనిపించినది మార్గదర్శకుడికి పడుకొన్న అడవిదున్న. వీరిలో పలువురు చుట్టుపట్ల పల్లెల యువకులే. కొండముచ్చు దగ్గినట్లు అరిస్తే, వెంటనే జింక ఒకటి చురుకుగా కూస్తే, బండి ఆపించి ఏ దిక్కునుంచి వినవచ్చినదో చెవియొగ్గి నిర్ణయిస్తారు. బోర్లించిన చెదలపుట్టను చూసి రాత్రి ఎలుగుబంటి వచ్చిపోయినదని చెబుతారు. మొసలి చర్మంలా పగుళ్ళు వారిన బెరడుగల చెట్టును చూపి ‘సాజా’ అంటారు. భిలాయి నుంచి వచ్చిన తెలుగు కుటుంబంలో శ్రీకాకుళం సీమ ఎరిగిన పెద్దవారుంటే ‘ఇది మన నల్లమద్ది కదా’ అని గుర్తుపడతారు. అక్కడి తేందూ తెలుగువారి తునికి. బీజా వేగి, మహువా ఇప్ప. ఒక భాష రాకపోయినా అడవి పరిచయమైనదే అయినప్పుడు ముచ్చట్లకు కొదువ ఉండదు.

తెలుగువారిని తికమక పెట్టే మాట ఒకటున్నది. అడవిదున్న అని మనవారు అనేది గౌర్‌ను. ఇది ఆవు జాతికి చేరువైనది. మూపుమీద ఎత్తయిన గట్టు, మోకాళ్ళ కింద మేజోళ్ళు తొడిగినట్లు తెలుపు. బార్నవాపారాలో కనిపించేది ఇదే. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు మాత్రం వేరు. అది అడవి గేదె, హిందీలో వన్ భైంసా. విశాలంగా సాగిన కొమ్ములతో, నీరూ బురదా లేనిదే బతకలేని జంతువు. దీని స్థితి దుఃఖకరం. దక్షిణాన ఉదంతి అరణ్యంలో ఒక దశలో ఒకే ఒక్క ఆడగేదె మిగిలినది. 2014లో హర్యానాలోని కర్నాల్ పాడి పరిశోధన సంస్థలో క్లోనింగ్ ద్వారా ఒక దూడను పుట్టించారు. అంతటితో సమస్య తీరలేదు. తరువాత 2020లోను, 2023లోను అస్సాంలోని మానస్ నుంచి అడవి గేదెలను బార్నవాపారాకు తెచ్చి కంచె ఆవరణలో ఉంచారు. బ్రహ్మపుత్ర లోయ జంతువును మధ్యభారతపు మందతో కలిపితే ఇక్కడి వంశం ప్రత్యేకత నశిస్తుందని కొందరి ఆక్షేపణ. ఆడజంతువులు లేని మందలో ఏ ప్రత్యేకత మిగులుతుందని మరికొందరి ప్రశ్న. రెండు వాదాలలోను సత్యమున్నది. కాని కాలం మాత్రం రెండవ వాదంవైపే మొగ్గుతున్నది.

కృష్ణజింకల విషయంలో అనుభవం కొంత ఆశాజనకం. దశాబ్దాలుగా ఇక్కడ కనుమరుగైన వీటిని 2018లో ఢిల్లీ జంతు ప్రదర్శనశాల నుంచి, బిలాస్‌పూర్ సమీపంలోని కానన్ పెండారీ నుంచి తెచ్చారు. మొదట న్యుమోనియా సోకి కొన్ని చనిపోయినవి. ఆవరణలో తడి నిలవకుండా ఇసుక పరచి, మురుగు పోయే దారి చేసిన తరువాత మంద పెరిగినది. అనంతరం కొన్నింటిని రాంపూర్ పచ్చికబయలులో విడిచిపెట్టారు. రాంపూర్ ఒకప్పుడు ఊరు. ఆ ఊరివారు అభయారణ్యం వెలుపలికి తరలిపోయిన తరువాత ఆ నేల గడ్డిభూమి అయినది. జింకలు గంతులు వేసే ఆ మైదానాన్ని చూసేవారికి మార్గదర్శకుడు ఈ సంగతి కూడా చెప్పడం మంచిది.

పులికోసం వచ్చేవారు నిరాశపడక తప్పదు. 2024లో ఎక్కడినుంచో ఒక మగపులి వచ్చి కొన్ని మాసాలు ఇక్కడ సంచరించినది. నవంబరులో కస్డోల్ పట్టణంలోకి రాగా, మత్తుమందు ఇచ్చి పట్టి, ఉత్తరాన ఉన్న గురు ఘాసీదాస్ అరణ్యానికి తరలించారు.

అడవిలో పల్లెలు ఇంకా ఉన్నవి. వారి ఏడాది లెక్క ఇప్పపువ్వుతో, తునికాకుతో ముడిపడినది. ఇప్పపూలు రాలే రోజులలో నేల శుభ్రంగా ఉండాలని చెట్టు కింది ఎండుటాకులకు నిప్పుపెట్టే అలవాటు పలుచోట్ల ఉన్నది. గాలి తిరిగితే ఆ నిప్పు చెట్టు కిందనే ఆగదు. కోడిపిల్లల వంటి నేలగూటి పక్షుల పిల్లలు, మొలకలు మాడిపోతాయి. నిప్పు పెట్టవద్దని శాసించడం సులభం. ఆకు ఊడ్చి పోగుచేయడానికి పట్టే పొద్దు ఎవరిస్తారన్నది పల్లెవారి ప్రశ్న. ఇప్పపూలు తెల్లవారుజామున రాలుతాయి. సందర్శకుల మొదటి బండి ద్వారం దాటేదీ ఆ వేళకే. ఆ నెలలో మార్గదర్శకుడు ఉద్యోగానికి వస్తే, బుట్ట పట్టుకొని అతని ఇంటివారు చెట్టు కిందికి పోతారు. కుమ్హారి నుంచి వచ్చిన బండి దుమ్ము లేపుకొంటూ వారి పక్కనుంచే సాగిపోతుంది.