పట్టణమునకు క్రొత్త రైల్వే స్టేషను: పల్లెలకు దారి యేది?

వరంగల్లు రైల్వే స్టేషనులో తెల్లవారుజామున రైలు దిగువారిని కొంతసేపు గమనించినచో ఒక విషయము స్పష్టమగును. స్టేషను పట్టణమునదే గాని, దానిని వాడుకొనువారిలో అనేకులు పట్టణవాసులు కారు. ఎనుమాముల మార్కెటులో మిర్చి ధర విచారించుటకు వచ్చు రైతు, మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి బిడ్డను చంకనెత్తుకొని వచ్చు తల్లి, కళాశాలకు వచ్చు విద్యార్థి, పని కొరకు హైదరాబాదు పోవు కుటుంబము, వీరందరును చుట్టుప్రక్కల గ్రామములవారే. కావున పట్టణములో స్టేషనును క్రొత్తగా నిర్మించునపుడు, ఆ పని మనకు సంబంధించినది కాదని గ్రామ పంచాయతీ ఊరకుండుట తగదు. ఈ పునర్నిర్మాణము ఎట్లు జరుగుచున్నది, అందు పంచాయతీలు ఏ విషయములను గమనింపవలెను అనునవి ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

పాత స్టేషన్ల స్థితి

మన ప్రాంతమునకు రైలు వచ్చి నూట ఏబది సంవత్సరములు గడచినవి. వాడి నుండి సికింద్రాబాదు వరకు 1874లో రైలు నడచినది. ఆ మార్గము కాజీపేట, వరంగల్లుల మీదుగా 1889 నాటికి బెజవాడకు చేరినది. ఆ దినములలో స్టేషను కట్టుటకు ఒక పద్ధతి యుండెడిది. పట్టాలకు ఏ ప్రక్కన ఊరు కలదో ఆ ప్రక్కననే భవనము, టిక్కెట్ల గది, బండ్లు నిలుచు స్థలము ఏర్పరచెడివారు. రెండవ ప్రక్కన పొలములు, తుమ్మచెట్లు మాత్రమే యుండెడివి.

కాలక్రమమున పట్టణములు పట్టాలను దాటి పెరిగినవి. రెండవ ప్రక్కన వాడలు వెలసినవి. ఆ వైపు గ్రామముల నుండి రోడ్లు పడినవి. కాని స్టేషను ముఖము మాత్రము మొదటి వైపుననే నిలిచిపోయినది. రెండవ వైపునుండి వచ్చువాడు చుట్టు తిరిగి పోవలెను, లేనిచో పట్టాలు దాటవలెను. ఎక్కువమంది పట్టాలే దాటుచున్నారు. అనుమతి లేక రైలు పట్టాలు దాటుట 1989 నాటి రైల్వే చట్టము 147వ సెక్షను క్రింద నేరము. అందులకు ఆరు నెలల వరకు ఖైదు గాని, వేయి రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. కాని చట్టము ఒక్కటే మనుష్యుని ఆపజాలదు. దగ్గరలో దారి యున్నపుడే అతడు అపాయకరమైన దారిని విడుచును.

నేటి పథకము

దేశమునందలి స్టేషన్లను బాగుచేయుటకు రైల్వే శాఖ 'అమృత్ భారత్ స్టేషన్ పథకము'ను చేపట్టినది. 2023 ఆగస్టు 6వ తేదీన 508 స్టేషన్లకు, 2024 ఫిబ్రవరి 26వ తేదీన మరి 553 స్టేషన్లకు ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. మొదటి విడతలో తెలంగాణమునకు 21, ఆంధ్రప్రదేశమునకు 18 స్టేషన్లు లభించినవి. పని పూర్తియైన 103 స్టేషన్లు 2025 మే 22వ తేదీన ప్రారంభింపబడినవి. వానిలో తెలంగాణమునందలి బేగంపేట, వరంగల్లు, కరీంనగరము, ఆంధ్రప్రదేశమునందలి సూళ్లూరుపేట చేరియున్నవి. తెలంగాణమునందలి ఈ మూడింటిలో ఒక్కొక్కదానికి 25 కోట్ల రూపాయలకు పైబడి వ్యయమైనది. బేగంపేట స్టేషను ముఖభాగము కాకతీయుల శిల్పరీతిని తలపించునట్లు తీర్చబడినది.

ఈ పథకమునకు ముఖ్యమైన నియమ మొకటి కలదు. స్టేషనును ఒక్కసారిగా గాక, దూరదృష్టితో ఒక సమగ్ర పటమును సిద్ధపరచి, అవసరమును, ధనమును బట్టి అంచెలంచెలుగా నిర్మింపవలెను. స్టేషనుకు వచ్చు దారులు, వాహనములు నిలుచు ఆవరణ, వేచియుండు గదులు, మరుగుదొడ్లు, లిఫ్టులు, కదిలే మెట్లు, సూచన ఫలకములు, అంగవైకల్యము గలవారికి తగిన సదుపాయములు, పట్టణపు రెండు ప్రక్కలను కలుపుట మున్నగునవన్నియు ఆ పటములో చేరును. అంచెలంచెలుగా జరుగు పని కనుక, మొదటి అంచెలో చేరని సదుపాయమును తరువాతి అంచెలోనైనను అడుగుటకు వీలు కలదు. పంచాయతీ సభ్యులు ఈ విషయమును ప్రత్యేకముగా గుర్తింపవలెను.

రైళ్లు నడచుచుండగానే పని

ఇల్లు పడగొట్టి కట్టువారు కొన్నాళ్లు వేరొక ఇంటిలో ఉందురు. స్టేషనుకు ఆ అవకాశము లేదు. రైళ్లు నడచుచునే యుండవలెను, పని జరుగుచునే యుండవలెను. అందుచే ఒక ప్లాటుఫారమును మూసి పని చేయుచు, రెండవదానిపై ప్రయాణికులను దింపుదురు. పట్టాలపైన వంతెన దూలములు నిలుపునపుడు కొన్ని గంటలపాటు ఆ మార్గమున రైళ్లను ఆపుదురు. దీనినే రైల్వేవారు 'బ్లాకు' అందురు.

పెద్ద స్టేషన్లలో ఇదియు చాలదు. 2023 ఏప్రిల్ 8వ తేదీన శంకుస్థాపన జరిగిన సికింద్రాబాదు స్టేషను పునర్నిర్మాణమే ఇందులకు నిదర్శనము. అచ్చట పని సాగుటకై అనేక రైళ్లను ఇతర స్టేషన్లకు మళ్లింపవలసి వచ్చినది. వానిలో కొన్ని 2025 జనవరి 6వ తేదీన ప్రారంభమైన చర్లపల్లి టెర్మినలునకు మారినవి. ఈ సంగతి తెలియక సికింద్రాబాదుకు పోయినవాడు రైలు తప్పిపోవును. నగరమెరుగని పల్లెవాసికి మరొక స్టేషను చేరుటకు పట్టు ఆటోఛార్జీ ఒక దినపు కూలికి సమానము కావచ్చును. కనుక బయలుదేరుటకు ముందు 139 నంబరునకు ఫోను చేసి రైలు ఏ స్టేషను నుండి బయలుదేరునో విచారించుకొను అలవాటు మంచిది. మళ్లింపు వార్తలను పంచాయతీ కార్యాలయపు బోర్డుపై వ్రాయించుటకు పంచాయతీకి ఖర్చేమియు కాదు.

ముఖద్వారము కాదు, మెట్లు చూడవలెను

కొంతకాలము క్రిందట మేము క్రొత్తగా తీర్చబడిన ఒక స్టేషనును చూడబోతిమి. ముఖద్వారము దీపకాంతులతో వెలుగుచుండెను. లోపల నేల అద్దమువలె నుండెను. రెండవ ప్లాటుఫారముపై ఒక వృద్ధురాలు, ప్రక్కన బియ్యపు మూట, మెట్ల వంతెన మొదటి మెట్టుపై కూర్చుండియుండిరి. వంతెన ఎత్తుగా నుండెను. లిఫ్టు బిగింపబడియుండెను గాని, ఇంకను నడువనారంభింపలేదు. "అమ్మా, ఎక్కడికి పోవలెను?" అని అడిగితిమి. "మా మనుమడు అవతలి నుండి వచ్చి పట్టాలమీదుగా దాటించును, నాయనా. రోజూ అందరూ అట్లే పోవుదురు" అని ఆమె చెప్పెను. అప్పుడు రెండవ లైనుపై ఒక గూడ్సుబండి నిలిచియుండెను. ఇద్దరు యువకులు దాని పెట్టెల క్రింద నుండి దూరి పోవుచుండిరి. బండి ఎప్పుడు కదలునో వారికి తెలియదు. వారు క్రింద నున్నట్లు బండి నడుపువానికిని తెలియదు.

మేము ఆమె మూటను మోసి వంతెన దాటించితిమి. కాని మరునాడు ఆమెను దాటించు వారెవరు? స్టేషను బాగుపడినదో లేదో నిర్ణయించుటకు ఆ ముఖద్వారము కొలత కాదనియు, ఆ మొదటి మెట్టే కొలత యనియు ఆ దినమున మాకు తోచినది.

ఈ దృష్టితో చూచినపుడు ఒక మంచి స్టేషనులో ఉండవలసినవి ఇవి. ప్లాటుఫారము పట్టాలపై నుండి 760 మొదలు 840 మిల్లీమీటర్ల ఎత్తున ఉండవలెనని ఈ పథకము నిర్దేశించుచున్నది. రైలు పెట్టె నేల పట్టాలపై మీటరుకు మించిన ఎత్తున ఉండును. ప్లాటుఫారము పల్లముగా నున్నచో వృద్ధులు, గర్భిణీ స్త్రీలు పెట్టె ఎక్కుట కష్టము. కదలుచున్న రైలు ఎక్కబోవువాడు జారి సందులో పడుటకును అవకాశ మెక్కువ. ప్లాటుఫారము పొడవు సాధారణముగా 600 మీటర్లుండవలెను. పొడవు చాలనిచోట చివరి పెట్టెలవారు కంకరరాళ్లపైకి దుమకవలసియుండును; రైలు చివర సాధారణ తరగతి పెట్టెలున్నపుడు ఈ కష్టము ఎక్కువగా పల్లె ప్రయాణికులకే కలుగును. వంతెన మెట్లతోపాటు లిఫ్టు గాని, వాలుబాట గాని ఉండవలెను. వాలుబాట 12 అడుగుల దూరమునకు ఒక అడుగు కంటె ఎక్కువ ఎత్తు పెరుగరాదు. అంతకు మించినచో చక్రముల కుర్చీని త్రోయుట కష్టము.

నీటి దారి

స్టేషను ఆవరణను విశాలముచేసి, సిమెంటు పరచి, గోడ కట్టినపుడు, అంతవరకు నేలలో ఇంకిన వాననీరు వేరొక దారి వెదకుకొనును. ఆ దారి తరచుగా ప్రక్కనున్న పల్లపు పొలముల గుండ, వాడల గుండ పోవును. రైలుకట్ట స్వయముగా ఒక అడ్డుకట్ట వంటిది. కట్ట క్రింద మోరీలు చాలనిచో నీరు ఒక ప్రక్కన నిలిచి ఊరిని ముంచును, లేదా కట్టనే కోసివేయును.

2024 సెప్టెంబరు 1వ తేదీన కుండపోతగా వానలు కురిసినపుడు కేసముద్రము, ఇంటికన్నె స్టేషన్ల మధ్య వరద పట్టాల క్రింది కంకరను, మట్టిని కొట్టుకొనిపోయినది. పట్టాలు గాలిలో వ్రేలాడినవి. కాజీపేట, విజయవాడల మధ్య రైళ్లు నిలిచిపోయినవి. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను సమయమున డోర్నకలు స్టేషనులో పట్టాలు నీట మునిగినవి. ఏ వాగు ఏ వైపునకు పొంగునో, ఏ చెరువు అలుగునీరు ఏ మోరీలోనికి వచ్చునో దూరమున కూర్చుండి పటము గీయువారికంటె గ్రామ పెద్దలకే బాగుగా తెలియును. ఈ అనుభవమును వ్రాతమూలకముగా అందజేయుట పంచాయతీ చేయగల గొప్ప ఉపకారము.

గేట్లు మూసి క్రింది దారులు కట్టుచోటను ఇదే జాగ్రత్త అవసరము. బ్రాడ్‌గేజి మార్గములపై కావలిలేని గేట్లన్నియు 2019 జనవరి నాటికి తొలగింపబడినవి. ఆ మార్పు వలన ఎన్నో ప్రాణములు నిలిచినవి. కాని ఎత్తు తక్కువైన క్రింది దారిలో గడ్డి నింపిన ట్రాక్టరు గాని, వరికోత యంత్రము గాని పట్టకపోవచ్చును. వానకాలమున నీరు నిలిచినచో బడిపిల్లలు సైతము దాటలేరు. ఎత్తు ఎంత, నీరు తోడు ఏర్పాటు ఏది అను ప్రశ్నలు కట్టుటకు ముందే అడుగవలెను.

ఎవరి పని యేది?

రైల్వేలు రాజ్యాంగము ప్రకారము కేంద్ర ప్రభుత్వ విషయము. స్టేషను ఆవరణలో ఒక రాయి నాటుటకును పంచాయతీకి అధికారము లేదు. కాని రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, సంతలు పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో చేరియున్నవి. స్టేషను గేటు వరకు రైల్వేవారు బాగుచేసినను, గేటు నుండి ఊరికి పోవు దారి గుంతలతోను, చీకటితోను నిండియున్నచో రాత్రి రైలు దిగిన స్త్రీకి ఆ స్టేషను వలన సుఖము లేదు. దారి, దీపము, కాలువ, ఈ మూడింటి విషయమై పంచాయతీ, మునిసిపాలిటీ, రోడ్ల శాఖ కలిసి పనిచేయవలెను.

మీ సమీప పట్టణపు స్టేషను పునర్నిర్మాణ పథకములో చేరియున్నచో, లేదా చేరునని తెలిసినచో, గ్రామసభలో చర్చించి ఈ అంశములపై తీర్మానము చేయవచ్చును:

1. మా గ్రామముల వైపు రెండవ ప్రవేశద్వారము, అచ్చటనే ఒక టిక్కెట్ల గది ఏర్పాటు చేయవలెను.

2. పాదచారుల వంతెన ఆ ద్వారము వరకు పొడిగింపబడవలెను. లిఫ్టు లేక వాలుబాట ప్రారంభదినము నుండియే పనిచేయవలెను.

3. ఆవరణలోని వాననీరు ఏ కాలువలో కలియునో చూపవలెను.

4. ఆవరణలో పల్లెబస్సులు, ఆటోలు నిలుచుటకు నీడగల చోటు కేటాయింపవలెను.

5. పని జరుగు కాలమున తాత్కాలికపు దారి ఏదో తెలుగులో వ్రాసిన ఫలకములు పెట్టవలెను.

తీర్మానపు ప్రతిని రైల్వే డివిజనల్ మేనేజరునకు పంపి, జిల్లా కలెక్టరునకును, పార్లమెంటు సభ్యునకును నకళ్లు అందజేయవలెను. ప్రతి డివిజనులోను రైలు వినియోగదారుల సంప్రదింపుల సంఘము కలదు. దాని సభ్యుల ద్వారా కూడ విషయమును చర్చకు తేవచ్చును. ఒక గ్రామము వ్రాసిన దానికంటె ఆ వైపు గ్రామములన్నియు కలిసి వ్రాసిన దానికి బలమెక్కువ.

మరొక లాభము కలదు. 2022 మార్చిలో ప్రారంభమైన 'ఒక స్టేషను, ఒక ఉత్పత్తి' పథకము క్రింద స్థానిక చేతిపనులవారికి స్టేషనులో అమ్మకపు స్థలము నిచ్చుచున్నారు. వరంగల్లు తివాచీలకు, కరీంనగరపు వెండి తీగపనికి దేశమంతట పేరున్నది. మీ గ్రామమున నేతపనివారు, బొమ్మలు చేయువారు, పచ్చళ్లు పెట్టు మహిళాసంఘములవారు ఉన్నచో స్టేషను అధికారిని విచారించి దరఖాస్తు చేసికొనవలసినదిగా వారిని ప్రోత్సహింపుడు.

స్టేషను ఒక్కసారి కట్టినచో రెండు మూడు తరములవారు దానిని వాడుదురు. పటముపై గీత చెరిపి మరల గీయుట సులభము. సిమెంటు పోసిన పిదప వంతెనను జరుపుట దుర్లభము. కావున అడుగవలసిన మాటను పటము సిద్ధమగుచున్నపుడే అడుగుట ఉచితము. పంచాయతీ సభ్యులు ఒక దినము తమ పట్టణపు స్టేషనుకు పోయి, చేతిలో ఒక మూట పట్టుకొని, తమ ఊరి దారి నుండి చివరి ప్లాటుఫారము వరకు నడచి చూతురుగాక. ఎచ్చట ఆగవలసి వచ్చునో అచ్చటనే తీర్మానపు మొదటి వాక్యము దొరకును.