సింహానికి నీడనిచ్చిన టీకా

ఉదయం ఆరు గంటలు. టాంజానియాలోని సెరెంగెటి జాతీయ పార్కు నడిమధ్యన, సెరొనెరాలో, పైకప్పు తెరుచుకునే జీపులు ఒక్కొక్కటే బయల్దేరతాయి. భూమధ్యరేఖకు ఇంత దగ్గరలో ఈ చలేమిటని మొదటిసారి వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతారు. ఈ నేల సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంది మరి. జూన్, జులై నెలల్లో తెల్లవారుజామున స్వెట్టర్ లేకుండా జీపులో నిలబడటం కష్టం. వణుకుతూనే అందరూ అడిగేది ఒక్కటే: సింహం కనిపిస్తుందా?

అనుభవమున్న గైడు నేరుగా సింహం కోసం వెతకడు, మేస్తున్న జంతువులను గమనిస్తాడు. ఇంపాలా జింకలన్నీ మేత మానేసి ఒకే దిక్కుకు మెడలు నిక్కించాయంటే ఆ గడ్డిలో ఏదో పొంచి ఉన్నట్టే. రాబందులు వరసగా ఒకే చోటికి దిగుతున్నాయంటే అక్కడ ఏదో చచ్చిపడి ఉంది. ఎండ ముదిరితే సింహాలు నీడకు చేరిపోతాయి. రోజులో 20 గంటల దాకా అవి పడుకునే గడుపుతాయి కాబట్టే సఫారీ ఇంత పొద్దున్నే మొదలవుతుంది. స్వాహిలీ భాషలో సఫారీ అంటే ప్రయాణం. హైదరాబాద్ ఉర్దూలో వినిపించే 'సఫర్' కూడా అదే అరబ్బీ వేరు నుంచి పుట్టింది.

తెలుగువాళ్లు ఇక్కడ ఒక పేరు దగ్గర తరచూ తికమకపడతారు. మన అడవుల్లో ఉండే చిరుత వేరు, చీతా వేరు. చిరుత ఒంటి మీద మచ్చలు పువ్వుల్లా గుత్తులుగా ఉంటాయి. చీతావి గుండ్రటి నల్లచుక్కలు. పైగా దాని కళ్ల నుంచి నోటి దాకా కన్నీటి చారల్లాంటి నల్లగీతలు దిగుతాయి. సింహాలు, దుమ్ములగొండులు చీతా పట్టిన వేటను లాక్కుంటాయి. వాటి కంట పడకుండా అది ఎక్కువగా పట్టపగలే వేటాడుతుంది. అందుకే మొదటి సఫారీలోనే చీతా పరుగు చూసే అదృష్టం కొందరికి దక్కుతుంది.

బట్టల రంగులోనూ శాస్త్రం ఉంది. ముదురు నీలం, నలుపు వేసుకోవద్దని గైడ్లు ముందే చెబుతారు. నిద్రజబ్బును మోసే సెట్సీ ఈగలను ఆ రంగులు ఆకర్షిస్తాయి. వాటిని పట్టడానికి కొమ్మలకు కట్టే గుడ్డలు కూడా నీలం, నలుపు రంగుల్లోనే ఉంటాయి. జీబ్రా చారల గుట్టు కూడా ఈగలతోనే ముడిపడి ఉందని జీవశాస్త్రవేత్త టిమ్ కారో బృందం చూపింది. 2019లో వెలువడిన ఆ పరిశోధనలో మామూలు గుర్రాలకు చారల దుప్పట్లు కప్పి చూశారు. జోరీగలు దగ్గరిదాకా వచ్చాయి గానీ, చారల మీద వాలినవి చాలా తక్కువ.

ఇక ఈ మైదానం అసలు కథ విల్డెబీస్ట్‌ది.

గడ్డం, వంపు కొమ్ములు, వాలిన నడుము ఉన్న ఈ జంతువుకు మొదటిసారి వచ్చినవాళ్లు కెమెరా తిప్పడం తక్కువ. కానీ 13 లక్షలకు అటూఇటూగా ఉన్న దీని మందలే ఏడాది పొడవునా వానల వెంట తిరుగుతూ సెరెంగెటిని నడిపిస్తున్నాయి. వానకాలంలో అవి దక్షిణాన పొట్టిగడ్డి నేలల్లో ఉంటాయి. ఒకప్పుడు అగ్నిపర్వతాలు కురిపించిన బూడిద వల్ల అక్కడి గడ్డిలో భాస్వరం, కాల్షియం పుష్కలం. పాలిచ్చే తల్లులకు కావలసింది అదే. ఫిబ్రవరి ప్రాంతంలో రెండు మూడు వారాల్లోనే చాలా భాగం దూడలు పుడతాయి. అన్ని దూడలు ఒక్కసారిగా నేల మీద పడితే వేటజంతువులు ఎన్నని తినగలవు?

మే దాటాక నీళ్లు ఎండిపోతే మందలు పడమరకు, ఆపై ఉత్తరాన మారా నదికి సాగుతాయి. అక్కడ మొసళ్లకు చిక్కేవాటికంటే తొక్కిసలాటలో, ప్రవాహంలో మునిగి చచ్చేవే ఎక్కువ. ఏటా సగటున 6,250 విల్డెబీస్ట్‌లు మునిగిపోతున్నాయని 2017లో వెలువడిన పరిశోధన లెక్కగట్టింది. ఆ కళేబరాలు చేపలకు, రాబందులకు తిండి. మిగిలిన ఎముకలు ఏళ్ల తరబడి కరుగుతూ నదికి భాస్వరం అందిస్తాయి.

అయితే 1960ల ఆరంభంలో ఇక్కడ ఉన్న విల్డెబీస్ట్‌లు రెండున్నర లక్షలే. కారణం రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి. 1880ల చివర్లో ఇటలీ సైన్యం కోసం ఎరిట్రియా తీరంలో దిగిన పశువులతో అది ఆఫ్రికాలో ప్రవేశించింది. ఆ పశువులు భారతదేశం నుంచి వెళ్లినవని చాలామంది చరిత్రకారుల మాట. పదేళ్లలోనే అది దక్షిణ కొస దాకా పాకి ఆవులను, అడవిదున్నలను, విల్డెబీస్ట్‌లను ఊడ్చేసింది. సెరెంగెటిలో దశాబ్దాల పాటు ఏడాది దూడలను తీసుకుపోతూనే ఉంది.

1950, 60 దశకాల్లో పార్కు చుట్టూ ఉన్న పశుపోషకుల ఆవులకు టీకాలు వేశారు. ఒక్క విల్డెబీస్ట్‌నూ ముట్టుకోలేదు. అయినా 1960ల మొదట్లోనే అడవి మందల్లోనూ రోగం మాయమైంది. వైరస్ బతుకుతున్నది ఆవుల్లోనేనని, అడవి జంతువులకు వాటి నుంచే సోకుతోందని అలా తేలింది. 1970ల చివరికి విల్డెబీస్ట్‌ల సంఖ్య అయిదు రెట్లు దాటింది. 2011లో ప్రపంచమంతటా రిండర్‌పెస్ట్ అంతమైందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రోగం ఇదొక్కటే.

మందలు పెరిగితే గడ్డి తరిగింది. ఎండాకాలం మంటలకు ఎండుగడ్డే ఇంధనం. అది లేకపోవడంతో కార్చిచ్చులు తగ్గాయి. ఏటా మంటల్లో మాడిపోయే తుమ్మ మొలకలు నిలదొక్కుకుని చెట్లయ్యాయి. ఆకుల కోసం మెడ చాచే జిరాఫీలకు మేత పెరిగింది. చెట్లు, నేల కలిసి గాలిలోని కార్బన్‌ను మునుపటికంటే ఎక్కువగా దాచుకోసాగాయి.

పదిన్నరకు జీపు ఒక తుమ్మ దగ్గర ఆగుతుంది. గొడుగులా విచ్చుకున్న కొమ్మల కింద నాలుగు ఆడసింహాలు, వాటి పొట్టలను ఆనుకుని పిల్లలు. పుట్టినప్పటి నుంచీ బండ్లను చూస్తున్న వాటికి ఈ జీపు వెంట తరిమే శత్రువూ కాదు, తినే వేటా కాదు. ఒకటి బద్ధకంగా కన్ను తెరిచి, మళ్లీ మూసుకుంటుంది. అందరి చూపూ సింహాల మీదే ఉన్నప్పుడు గైడు వేలు చెట్టు మొదలు వైపు చూపిస్తుంది. ఇలాంటి తుమ్మలు ఇక్కడ చాలావరకు ఆవులకు టీకాలు పడ్డాక ఎదిగినవే.