చేపల జాడ చెప్పే ఉపగ్రహం
తెప్పలవారికి మాత్రం ఇంకా దూరమే

విశాఖపట్నం: నీటి రంగు చూసి, పైన తిరిగే పిట్టలను చూసి చేపల జాడ చెప్పగల పెద్దలు జాలారిపేటలో ఇప్పటికీ ఉన్నారు. అదే పని ఇప్పుడు దాదాపు 740 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఒక ఉపగ్రహం చేస్తోంది. దాని పేరు ఓషన్‌శాట్‌-3. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి పి.ఎస్‌.ఎల్‌.వి. రాకెట్టు మీద వెళ్లింది. రాకెట్టు అనగానే యుద్ధం గుర్తుకు రావడం సహజం. ఇది మాత్రం వల వేసేవాడికి పనికివచ్చే రాకెట్టు.

అంత ఎత్తున ఉన్న యంత్రానికి నీటిలోని చేప కనిపిస్తుందా? కనిపించదు. అది చూసేది నీటి రంగును. సముద్రంలో కంటికి ఆనని పచ్చటి నాచు పెరిగిన చోట నీరు రంగు మారుతుంది. ఆ నాచును తినే సన్న జీవులు, వాటి కోసం కవళ్లు, కానాగంతలు, వాటి వెనుక కోనాలు, సూరలు చేరతాయి. చల్లనీరు, వెచ్చనీరు కలిసే చోటును కూడా ఉపగ్రహాలతోనే కొలుస్తారు. ఈ రెండు లెక్కలూ కలిపి హైదరాబాదులోని 'ఇన్‌కాయిస్‌' అనే కేంద్రప్రభుత్వ సంస్థ ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరాన, ఎంత లోతున చేప ఉండవచ్చో తెలుగులోనే కబురు చేస్తుంది. సముద్రమే లేని హైదరాబాదు నుంచి విశాఖ జాలరికి చేపల కబురు రావడం విడ్డూరమే మరి!

మబ్బు కమ్మితే ఈ కబురు రాదు. ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు వేట నిషేధం గనుక అప్పుడూ రాదు. వచ్చినా, మనం వెళ్లేదాకా చేప అక్కడే కాచుకుని ఉంటుందన్న హామీ లేదు. అయినా గాలించే గంటలు తగ్గితే డీజిలు మిగులుతుంది. మరబోటు యజమానికి పెద్ద ఖర్చు అదే కదా.

ప్రాణాల లెక్క వేరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పది వేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. అప్పటికి మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. 1983లో ఇన్సాట్‌-1బి వచ్చాక పైనుంచి తుపానును కనిపెట్టి చూడడం మొదలైంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ విశాఖనే తాకింది. చెట్లూ, ఇళ్లూ, బోట్లూ దెబ్బతిన్నాయి గాని, ముందే తెలిసి జనాన్ని తరలించడంతో రాష్ట్రంలో మృతుల సంఖ్య వంద దాటలేదు.

ఒడ్డున ఉన్నవారికి సరే, అప్పటికే లోపలికి పోయినవారికి ఎవరు చెప్పాలి? ఫోను అందని చోట కూడా ఉపగ్రహం ద్వారా ఇటూ అటూ కబురు పంపే ట్రాన్స్‌పాండర్‌ను ఇస్రో తయారుచేసింది. దేశంలో లక్ష బోట్లకు వీటిని ఉచితంగా అమర్చే 364 కోట్ల రూపాయల పథకం 2024 ఆగస్టు 30న ప్రారంభమైంది.

ఇది ఇంజను బోట్లకు. తెడ్డు వేసుకుని పోయే తెప్పకు బిగించేది కాదు. చేప నలభై కిలోమీటర్ల అవతల ఉందని చెప్పినా ఆ తెప్ప అంత దూరం పోలేదు. తుపాను కబురైనా వారికి రేవులో ఎవరో ఒకరు వేకువనే, తెప్ప నీటిలో దిగకముందే చదివి వినిపించాలి.