పింఛను ఎక్కువ ఇచ్చాం, తిరిగి కట్టమంటే ఏం చేయాలి?

పుదుచ్చేరి: ‘మీకు పొరపాటున పింఛను ఎక్కువ చెల్లించాం, ఆ సొమ్ము తిరిగి జమ చేయండి’ అంటూ పదవీ విరమణ చేసిన ఏళ్లకు నోటీసు వస్తే పింఛనుదారులు కలవరపడటం సహజం. అయితే నోటీసు అందినంత మాత్రాన బాకీ ఖరారైనట్లు కాదు. పుదుచ్చేరి ప్రభుత్వంలో 2003 డిసెంబరు 31లోగా నియమితులై విరమణ చేసినవారికి కేంద్ర ప్రభుత్వ పింఛను నిబంధనలే వర్తిస్తాయి. వారు కోసపాళయంలో ఉన్నా, యానాంలో ఉన్నా ఇందులో తేడా లేదు.

నిబంధన ఏం చెబుతోంది?

కేంద్ర సివిల్ సర్వీసుల (పింఛను) నిబంధనలు-2021లోని 66వ నిబంధన ఇందుకు కీలకం. క్రమశిక్షణ చర్యల కేసులను మినహాయిస్తే, లెక్కల్లో రాతపూర్వక పొరపాటు బయటపడితే తప్ప మంజూరైన పింఛనును తగ్గించరాదు. రెండేళ్లు దాటాక ఆ పొరపాటును గుర్తిస్తే కేంద్ర పింఛను విభాగం సమ్మతి తప్పనిసరి. పింఛనుదారు తప్పుడు సమాచారం ఇవ్వనప్పుడు, వసూలును మాఫీ చేయవచ్చా అనేది కేంద్ర వ్యయ విభాగంతో సంప్రదించి తేల్చాలి. మాఫీ కుదరదని నిర్ణయిస్తేనే రెండు నెలల గడువుతో నోటీసు ఇవ్వాలి. అప్పటికీ చెల్లించకపోతే తదుపరి పింఛను నుంచి వాయిదాల్లో మినహాయించుకోవచ్చు.

సుప్రీంకోర్టు తీర్పులు

పంజాబ్ ప్రభుత్వం - రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు 2014 డిసెంబరు 18న కొన్ని సందర్భాల్లో వసూలు చెల్లదని స్పష్టం చేసింది. విరమణ చేసినవారు, ఏడాదిలోగా చేయబోయేవారు, మూడు, నాలుగో తరగతి ఉద్యోగులు వాటి పరిధిలోకి వస్తారు. అదనపు చెల్లింపులు అయిదేళ్లకు మించి సాగిన కేసులకూ ఇది వర్తిస్తుంది. కేంద్ర సిబ్బంది శాఖ 2016 మార్చి 2న దీనికి అనుగుణంగా ఉత్తర్వులిచ్చింది.

అయితే ఈ రక్షణ సంపూర్ణం కాదు. ఎక్కువ అందితే తిరిగి ఇస్తానని ఉద్యోగి ముందే హామీ పత్రం రాసిచ్చిన జగ్‌దేవ్ సింగ్ కేసులో 2016 జులైలో అదే న్యాయస్థానం వసూలును సమర్థించింది. అందువల్ల బ్యాంకుకు, కార్యాలయానికి గతంలో సంతకం చేసి ఇచ్చిన పత్రాలను ముందుగా పరిశీలించుకోవాలి.

తప్పు బ్యాంకుదైతే?

ఆయుధ కర్మాగార విశ్రాంత ఉద్యోగి ఒకరి పింఛను నుంచి బ్యాంకు రూ.3,69,035 వసూలుకు దిగగా, బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2020 ఆగస్టులో అడ్డుకుంది. పింఛను మంజూరు చేసిన అధికారి నిర్ణయం లేకుండా దాన్ని తగ్గించే అధికారం బ్యాంకుకు లేదని తేల్చింది.

చేయాల్సినవి

నోటీసు అందిన తేదీని నమోదు చేసుకోవాలి. నెలవారీ లెక్క, పొరపాటుకు కారణం, పై అధికారుల సమ్మతి పత్రాల నకళ్లు లిఖితపూర్వకంగా కోరాలి. రెండు నెలల్లోపే అభ్యంతరం దాఖలు చేసి రసీదు తీసుకోవాలి. ఫలితం లేకపోతే, ఉత్తర్వు వెలువడిన ఏడాదిలోగా కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్ మద్రాసు ధర్మాసనాన్ని ఆశ్రయించవచ్చు. గత వసూలు ఆగినా, తప్పుగా లెక్కించిన పింఛనును ఇకపై సరైన మొత్తానికి సవరించే అవకాశం ఉంటుంది. ఇంటి ఖర్చులను ఆ మేరకు ముందే సర్దుకోవడం మంచిది.